గ్లాస్గో ఏం కట్టడం లేదో చూడండి

పెద్ద క్రీడోత్సవం వస్తోందంటే ఏ నగరంలోనైనా ముందు దిగేవి క్రేన్లు. శంకుస్థాపన ఫొటోలు, కొత్త స్టేడియం ఊహాచిత్రాలు, ఫ్లైఓవర్ల గడువులు పేపర్ల నిండా పరుచుకుంటాయి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 2026 జూలై 23 నుంచి ఆగస్టు 2 దాకా కామన్వెల్త్ క్రీడలు. 74 దేశాలు, ప్రాంతాల నుంచి దాదాపు 3,000 మంది క్రీడాకారులు వచ్చే వేడుక. అయినా అక్కడ కొత్త స్టేడియం లేదు, కొత్త ఈతకొలను లేదు, క్రీడాగ్రామం కూడా లేదు. నగర జనాభా ఆరు లక్షల పైచిలుకు, అంటే మన వరంగల్ కంటే చిన్నది. అలాంటి ఊరు ఏమీ కట్టకుండా ఇంత పనిని ఎలా నెత్తికెత్తుకుందో చూస్తే, ఈ క్రీడల ఖర్చు ఎక్కడ పుడుతుందో, చివరికి ఎవరి మీద పడుతుందో అర్థమవుతుంది.

నిజానికి ఈ క్రీడలు గ్లాస్గోకి రావాల్సినవి కావు. 2022 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానికి ఖరారయ్యాయి. మెల్‌బోర్న్‌లో లక్ష మంది పట్టే మైదానం ఉండగానే, రాష్ట్ర ప్రభుత్వం మాత్రం పోటీలను జీలాంగ్, బాలరాట్, బెండిగో, గిప్స్‌లాండ్ లాంటి చిన్న, మధ్యతరహా ప్రాంతాలకు పంచాలనుకుంది. ఒక్క నగరమే ఎందుకు లాభపడాలి, జిల్లాలకూ వాటా దక్కాలి అన్న ఆలోచన. రాజకీయంగా చక్కగానే ఉంది. కానీ ఒక్కోచోట విడిగా క్రీడాగ్రామం కావాలి, విడిగా భద్రత కావాలి, విడిగా రవాణా కావాలి. 260 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లతో అయిపోతుందనుకున్నది 600 కోట్లు దాటిపోయేలా ఉందని చెప్పి, 2023 జూలైలో ప్రభుత్వం చేతులెత్తేసింది. ఒప్పందం తెంచుకున్నందుకు 38 కోట్ల డాలర్లు పరిహారం కట్టింది. అంతా కలిపి, ఒక్క పరుగు పందెం కూడా జరగకుండానే 58 కోట్లకు పైగా ఖర్చు తేలింది. రద్దును సమర్థించుకోడానికి చెప్పిన పెద్ద అంకెను కూడా పెంచి చూపారని ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ తర్వాత తప్పుబట్టారు. అంటే మొదట తక్కువ చేసి చెప్పారు, ఆఖర్న ఎక్కువ చేసి చెప్పారు. జనానికి సరైన లెక్క ఏ దశలోనూ అందలేదు.

ఆ పరిహారంలోంచే దాదాపు 10 కోట్ల పౌండ్లు గ్లాస్గోకి చేరాయి. ఈసారి క్రీడలకు అసలు పెట్టుబడి అదే. మిగతాది టికెట్లు, స్పాన్సర్లు, ప్రసార హక్కుల నుంచి రావాలి. ప్రజల పన్నుల సొమ్ము మీద పెద్దగా ఆధారపడబోమన్నది నిర్వాహకుల మాట.

ఇక్కడ ఒక విషయం నిదానంగా చూడాలి. క్రీడోత్సవం ఖర్చు క్రీడాకారుల సంఖ్యను బట్టి పెరుగుతుందని మామూలుగా అనుకుంటాం. దానికంటే ఎక్కువగా అది వేదికల సంఖ్యను బట్టి పెరుగుతుంది. ఒక హాల్లో పోటీ పెట్టారంటే చుట్టూ కంచె వేయాలి, ప్రతి ద్వారం దగ్గర తనిఖీ యంత్రాలు పెట్టాలి, అంబులెన్సులు, డాక్టర్లు, డోపింగ్ పరీక్షకు మూత్రం నమూనాలు తీసుకునే గది, టీవీ కెమెరాలకు కేబుళ్లు, కరెంటు పోతే ఆదుకునే జనరేటర్లు, విలేకరులకు బల్లలు, వార్మప్‌కు పక్కనే ఇంకో హాలు ఉండాలి. ఆ హాల్లో యాభై మంది ఆడినా ఇవన్నీ కావాలి, ఐదు వందల మంది ఆడినా కావాలి. వేదిక ఒకటి తగ్గిందంటే ఈ మొత్తం పటాలమే తగ్గుతుంది.

భద్రత ఒక్కదాన్నే తీసుకోండి. ఇదే గ్లాస్గో 2014లో కామన్వెల్త్ క్రీడలు జరిపింది. అప్పుడు భద్రతకు మొదట వేసుకున్న అంచనా 2.7 కోట్ల పౌండ్లు. 2013 వచ్చేసరికి అది 9 కోట్లకు పెరిగింది. మధ్యలో 2012 లండన్ ఒలింపిక్స్ జరిగాయి, అక్కడి అనుభవం చూశాక అధికారులకు తమ లెక్క ఎంత పలచగా ఉందో తెలిసొచ్చింది. గోల్‌మాల్ ఏమీ లేకుండానే ఒక పద్దు మూడింతలకు పైగా పెరగగలదు. కాబట్టి ఆతిథ్య హక్కుల కోసం పోటీపడే రోజుల్లో ఏ నగరమైనా చెప్పే అంకెను కనీస అంకెగానే తీసుకోవాలి. అయినా 2014 క్రీడలు మొత్తం మీద 54 కోట్ల పౌండ్ల పైచిలుకుతో, కేటాయింపు కంటే తక్కువలోనే ముగిశాయి. అది అరుదు.

ఈసారి గ్లాస్గో లెక్క చాలా సూటిగా ఉంది. పోటీలు నాలుగే వేదికల్లో, ఎనిమిది మైళ్ల పరిధిలో. అంటే సుమారు 13 కిలోమీటర్లు, హైదరాబాద్ మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా ఉన్నంత. పరుగులు, దూకుళ్లు స్కాట్స్‌టౌన్ స్టేడియంలో, ఈత టోల్‌క్రాస్ కేంద్రంలో, సైక్లింగ్ 2014 కోసం కట్టిన వెలోడ్రోమ్‌లో. బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్ లాంటివి క్లైడ్ నది ఒడ్డున ఉన్న స్కాటిష్ ఈవెంట్ క్యాంపస్‌లో. 2021లో ప్రపంచ వాతావరణ సదస్సు జరిగింది ఆ హాళ్లలోనే. ఏడాది పొడవునా ఎగ్జిబిషన్లకు, కచేరీలకు అద్దెకిచ్చే చోటు అది. గడ్డి మీద ఆడే బౌల్స్‌ను కూడా ఈసారి కప్పు కిందికే తెచ్చేశారు. మారథాన్ లేదు, రోడ్డు సైక్లింగ్ లేదు, కాబట్టి పోటీల కోసం వీధులు మూయాల్సిన పని చాలావరకు తప్పింది. క్రీడాకారుల బస ఊళ్లో ఇప్పటికే ఉన్న వసతుల్లోనే. ఇది మరీ కొత్త పద్ధతేం కాదు. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో ఈ క్రీడలు మొట్టమొదట జరిగినప్పుడు ఆటగాళ్లు స్టేడియం పక్కనున్న బళ్లో, తరగతి గదికి రెండు డజన్ల మంది చొప్పున పడుకున్నారు.

అయితే గ్లాస్గో ఇవాళ ఏమీ కట్టక్కర్లేకపోవడానికి కారణం నిన్న కట్టి ఉండటం. ఆ సంగతి మరిచిపోయి, పొదుపుగా చేయడం ఎలాగో గ్లాస్గోని చూసి నేర్చుకోండి అంటే కుదరదు. టోల్‌క్రాస్ ఈతకొలను 1990ల నాటిది. 2014కి దాని పక్కనే రెండో 50 మీటర్ల కొలను చేర్చారు. వెలోడ్రోమ్, దానికి ఆనుకుని ఉన్న ఇండోర్ అరీనా 2012లోనే, అంటే క్రీడలకు దాదాపు రెండేళ్ల ముందే తెరుచుకున్నాయి. ప్రారంభోత్సవం నాటికి స్థానికులు వాటిలో సైకిల్ తొక్కుతూ, బ్యాడ్మింటన్ ఆడుతూ ఉన్నారు. 2023 ప్రపంచ సైక్లింగ్ పోటీలకూ అదే ట్రాక్ పనికొచ్చింది.

2014 క్రీడల కోసం హాంప్‌డెన్ పార్క్‌లో చేసిన పని చెప్పుకోదగ్గది. అది ఫుట్‌బాల్ మైదానం. అథ్లెటిక్స్ ట్రాక్ పట్టేంత వెడల్పు లేదు. ట్రాక్ కోసం కొత్త స్టేడియం కడితే పదకొండు రోజుల ఆటలయ్యాక అందులో ఎవరుంటారు? అందుకని ముందు వరసల కుర్చీలు కొన్ని పీకేసి, మైదానం మీద వేలాది ఉక్కు కాళ్లు నిలబెట్టి, దాదాపు రెండు మీటర్ల ఎత్తున కొత్త నేల పరిచారు. గిన్నె ఆకారపు మైదానంలో పైకి పోయేకొద్దీ వెడల్పు పెరుగుతుంది కదా, ట్రాక్ సరిగ్గా పట్టింది. ఉసేన్ బోల్ట్ రిలే పరుగెత్తింది ఆ తాత్కాలిక నేల మీదే. క్రీడలయ్యాక అంతా విప్పి, ఫుట్‌బాల్‌కి అప్పగించేశారు. ఒక ఇంజినీరు బుర్ర ఒక స్టేడియం ఖర్చును మిగల్చగలదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

2014 ఖాతాలో అన్నీ మంచి పద్దులే లేవు. నగరం తూర్పు వైపున డాల్మార్నాక్ అనే ప్రాంతం ఉంది. ఫ్యాక్టరీలు మూతపడి, ఖాళీ స్థలాలు మిగిలిన చోటు. బ్రిటన్‌లో ఆయుర్దాయం బాగా తక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ తూర్పు గ్లాస్గో ఒకటి. అక్కడ క్రీడాగ్రామంగా 700 ఇళ్లు కట్టారు. ఆటలయ్యాక 300 అమ్మకానికి, 400 తక్కువ అద్దెకు ఇచ్చేలా ముందే రాసుకున్నారు. కట్టక ముందే ఎవరుంటారో తేల్చుకోవడం వల్ల అవి ఖాళీగా పడి ఉండలేదు. కానీ అదే స్థలం కోసం, పరిహారం చాలదని పోరాడిన ఒక కుటుంబాన్ని 2011లో పోలీసుల సాయంతో ఇంట్లోంచి బయటికి పంపారు.

రెడ్ రోడ్ సంగతి ఇంకా విడ్డూరం. అవి ఒకప్పుడు యూరప్‌లోనే ఎత్తైన నివాస భవనాల్లో కొన్ని, వేలమంది పేదలు బతికిన అపార్ట్‌మెంట్లు. కూల్చాల్సిన దశకు వచ్చాయి. సరే, ప్రారంభోత్సవంలో ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా వాటిని పేల్చేద్దాం అని నిర్వాహకులు 2014 ఏప్రిల్‌లో ప్రకటించారు! ఎవరి ఇల్లయినా కూలడం వినోదమా? పైగా ఒక భవనంలో అప్పటికి ఆశ్రయం కోరి వచ్చిన శరణార్థులు ఉంటున్నారు. జనం ఊరుకోలేదు, సంతకాల మీద సంతకాలు చేశారు. పదిరోజుల్లోనే ఆ ఆలోచన మానుకున్నారు. ప్రజలు గొంతెత్తితే పని జరుగుతుందనడానికి కూడా అది రుజువే. ఇక క్రీడలు చూసి జనం సోఫాలు వదిలి ఆటల్లోకి దిగుతారన్న ఆశ ఒకటుంది. స్కాట్లాండ్ ప్రభుత్వమే తర్వాత చేయించిన మదింపులో దేశ స్థాయిలో అలాంటి మార్పు కనిపించలేదు. నాలుగేళ్లకోసారి ఎవరో పరుగెత్తగా చూస్తే మన బద్ధకం వదలదు. అందుకు ఇంటి దగ్గర్లో పార్కు, తక్కువ రుసుముతో ఈతకొలను కావాలి.

ఇంత పొదుపుగా చేస్తే నష్టపోయేదెవరు? ఆటగాళ్లు. బర్మింగ్‌హామ్‌లో 2022లో జరిగిన కామన్వెల్త్‌లో దాదాపు 20 క్రీడలుంటే, ఈసారి 10 మాత్రమే. హాకీ, కుస్తీ, బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్, క్రికెట్, స్క్వాష్ లేవు. బర్మింగ్‌హామ్‌లో భారత్ గెలిచిన 61 పతకాల్లో 30 ఈ ఆరు ఆటల్లో వచ్చినవే. 22 స్వర్ణాల్లో 13 వీటివే. తెలుగువాళ్లకు ఇది మరీ దగ్గరి దెబ్బ. ఆ ఏడాది బ్యాడ్మింటన్‌లో పి.వి. సింధు, చిరాగ్ శెట్టితో కలిసి సాత్విక్ సాయిరాజ్, టేబుల్ టెన్నిస్‌లో శరత్ కమల్‌తో కలిసి ఆకుల శ్రీజ, బాక్సింగ్‌లో నిఖత్ జరీన్ బంగారు పతకాలు తెచ్చారు. ఈ నలుగురి ఆటల్లో గ్లాస్గో జాబితాలో మిగిలింది నిఖత్ బాక్సింగ్ ఒక్కటే. సింధుకు ఒలింపిక్స్ ఉన్నాయి, ఆల్ ఇంగ్లండ్ ఉంది, గడిచిపోతుంది. చిన్న దేశపు హాకీ జట్టుకో, తొలి పెద్ద పోటీ కోసం ఎదురుచూసే ఇరవై ఏళ్ల కుస్తీ అమ్మాయికో ఇలాంటి వేదిక మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది? ఖర్చు తగ్గిందని చప్పట్లు కొట్టేటప్పుడు ఆ కోత ఎవరి మీద పడిందో కూడా చెప్పుకోవాలి. నా మటుకు, క్రీడలు రద్దవడం కంటే ఇలా కుదించి జరపడం మేలు. కానీ దీన్ని ఆదర్శంగా ప్రచారం చేయడం ఒప్పుకోలేను. ఇది ఆపద్ధర్మం.

కట్టడాలకూ పతకాలకూ సంబంధం ఎంతో మన దగ్గరే చూడొచ్చు. 2014లో గ్లాస్గో ఇండోర్ అరీనాలో మన పారుపల్లి కశ్యప్ బ్యాడ్మింటన్ సింగిల్స్ స్వర్ణం గెలిచాడు. 1982లో సయ్యద్ మోదీ తర్వాత ఆ విభాగంలో భారతీయుడికి దక్కిన మొదటి స్వర్ణం అది. కశ్యప్ తయారైంది గచ్చిబౌలిలో, పుల్లెల గోపీచంద్ అకాడమీలో. అదే గచ్చిబౌలిలో కాస్త దూరంలో, 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల నాటి పెద్ద స్టేడియం ఉంది. అక్కడే క్రీడాకారుల బస కోసం కట్టిన బహుళ అంతస్తుల భవనాన్ని 2020లో కరోనా ఆసుపత్రిగా మార్చారు. ఆపదలో అక్కరకొచ్చింది, సంతోషం. కానీ స్టేడియాన్నీ అకాడమీనీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఒకటి వేడుక కోసం వెలిసింది. రెండోది తెల్లవారుజామున పిల్లలు రాకెట్లు పట్టుకుని రావడం కోసం వెలిసింది. పతకాలు రెండోదాంట్లోంచే వచ్చాయి.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖరారయ్యాయి. 2025 నవంబర్‌లో ఆ నిర్ణయం వెలువడింది కూడా గ్లాస్గోలోనే. 15 నుంచి 17 క్రీడలు ఉంటాయంటున్నారు, అంటే వేదికలూ పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. రేపు ఆ వరసలో విశాఖో, విజయవాడో, వరంగల్లో కూడా ఏదో ఒక అంతర్జాతీయ పోటీకి ఉత్సాహపడవచ్చు. తప్పేం లేదు. అప్పుడు శంకుస్థాపన ఫొటో చూసి మురిసిపోయే ముందు మీ కార్పొరేటర్‌నో, ఎమ్మెల్యేనో రెండు విషయాలు అడగండి. ఆటలయ్యాక అందులో రోజూ ఆడేదెవరు? కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, కొలనులో నీళ్ల శుద్ధి ఖర్చు ఏ పద్దులోంచి వస్తాయి? జవాబు కాగితం మీద రాసి ఇమ్మనండి.