టీవీలో 40 నిమిషాలు.. షెల్ఫ్‌లో ఏళ్లకేళ్లు!

క్రైమ్ సిరీస్ చూస్తూ ‘ఫోరెన్సిక్స్‌లోకి వెళ్తే ఎలా ఉంటుంది?’ అని ఎప్పుడైనా అనుకున్నారా? అయితే ‘లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్’ గురించి తెలుసుకోండి. న్యూయార్క్‌లో లైంగిక నేరాలను దర్యాప్తు చేసే పోలీసు విభాగం కథ ఇది. అమెరికాలో ఎన్‌బీసీ చానల్‌లో 1999లో మొదలై పాతికేళ్లు దాటింది.

మామూలు క్రైమ్ షోల్లో నేరస్తుడు దొరికితే కథ అయిపోతుంది. ఇందులో ఒలీవియా బెన్సన్ అనే డిటెక్టివ్ ముందు బాధితురాలి ఎదురుగా కూర్చుని, చెప్పింది పూర్తిగా వింటుంది. ఆ పాత్ర వేసిన మరిస్కా హార్గిటేకి ఎన్నో ఉత్తరాలు వచ్చేవి. తమకు జరిగిన దారుణాన్ని కొందరు మొదటిసారి చెప్పుకొంది ఆమెకే. వాటిని చదివాక, బాధితులకు అండగా 2004లో ఆమె ‘జాయ్‌ఫుల్ హార్ట్ ఫౌండేషన్’ పెట్టారు.

తెర వెనక కథ

షోలో డీఎన్‌ఏ రిపోర్టు ఎపిసోడ్ పూర్తయ్యేలోపు వచ్చేస్తుంది. బయట? 2009లో డెట్రాయిట్‌లో పోలీసుల పాత గోదాములో 11 వేలకు పైగా ‘రేప్ కిట్లు’ బయటపడ్డాయి. అత్యాచారం తర్వాత ఆసుపత్రిలో గంటల తరబడి పరీక్ష చేసి, సేకరించిన ఆధారాలను సీల్ చేసే పెట్టె అది. అంత బాధలోనూ ఒక మనిషి ఓపిక పట్టి ఇచ్చిన సాక్ష్యం దుమ్ము కొట్టుకుపోయింది. డబ్బు లేదు, సిబ్బంది లేరు, ‘ఈ కేసు నిలబడదులే’ అన్న చిన్నచూపు ఉంది. అన్నిటికీ మించి, ఎన్ని కిట్లు ఎక్కడున్నాయో లెక్కే లేదు. తర్వాత వాటిని పరీక్షిస్తే వందల మంది వరుస నేరస్తుల జాడ తెలిసింది. హార్గిటే నిర్మాతల్లో ఒకరిగా 2017లో వచ్చిన ‘ఐ యామ్ ఎవిడెన్స్’ డాక్యుమెంటరీ ఈ విషయం మీదే.

ఇంజినీరింగ్ స్టూడెంట్స్ ఇక్కడ ఆగి ఆలోచించండి. మీరు ఆర్డర్ చేసిన బిర్యానీ ఏ సిగ్నల్ దగ్గరుందో ఫోన్ చెప్తుంది. ఆ కిట్ ఎక్కడుందో చెప్పేవాళ్లే లేరు! ఇప్పుడు మిచిగన్, ఐడహో లాంటి రాష్ట్రాల్లో ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. పేరుతో పనిలేకుండా, కిట్ నంబరుతో బాధితులే స్టేటస్ చూసుకోవచ్చు. కోడ్ పరంగా చూస్తే అదేమీ రాకెట్ సైన్స్ కాదు. డేటాబేస్, లాగిన్, ఎవరికి ఏం కనిపించాలన్న నియమాలు, అంతే.

మన దగ్గర..

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలి. దీన్ని పూర్తిగా అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలోనైనా చెప్పొచ్చు. అంటే ల్యాబ్‌లో మనుషులూ కావాలి, సిస్టమ్స్ కట్టేవాళ్లూ కావాలి.

బయోటెక్, కెమిస్ట్రీ వాళ్లకు డీఎన్‌ఏ విశ్లేషణ, టాక్సికాలజీ ఉన్నాయి. సీఎస్‌ఈ వాళ్లకు డిజిటల్ ఫోరెన్సిక్స్ ఉంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో రెండు రకాల కోర్సులూ ఉన్నాయి. హైదరాబాద్‌లోనే సెంట్రల్ ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబ్, డీఎన్‌ఏ పరీక్షలకు పేరున్న సీడీఎఫ్‌డీ ఉన్నాయి. వాటి వెబ్‌సైట్లలో నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

ఒక్క మాట. థ్రిల్ కోసమే అయితే ఈ రంగం నిరాశపరుస్తుంది. ఇక్కడ రోజూ చేసేది సీలు సరిచూడటం, నంబరు రాయడం, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో నమోదు చేయడం. ఆ ఎంట్రీ ఒక్కటి తప్పినా కోర్టులో ఆ సాక్ష్యాన్నే ప్రశ్నిస్తారు. ఇంత ఓపిక మీకుంటే తప్పకుండా అప్లై చేయండి. డెట్రాయిట్ గోదాములో లేనిది అలాంటివాళ్లే.