ముందు ఏ బల్బు మార్చాలి?

కరెంటు బిల్లు తగ్గాలంటే ఇంట్లో బల్బులన్నీ ఒకేసారి మార్చేయాలా?

అక్కర్లేదు. ఎక్కువ గంటలు వెలిగేదాన్ని ముందు ఎల్‌ఈడీకి మార్చండి. మిగతావి మాడిపోయినప్పుడు మార్చుకోవచ్చు.

పల్నాడుకు ఎల్‌ఈడీ కొత్తేమీ కాదు. 2014 చివర్లో, ఈ ప్రాంతం ఇంకా గుంటూరు జిల్లాలో ఉండగానే, కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్ఎల్ సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు జిల్లాలను ఎంచుకుని ఇంటికి రెండేసి 7 వాట్ల ఎల్‌ఈడీలు పంచింది. గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం ఆ నాలుగు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చి పది రూపాయలు కడితే కొత్తది చేతికొచ్చేది. 2015 జనవరిలో దేశమంతటికీ చవక ఎల్‌ఈడీలు అందించే ఉజాలా పథకం వచ్చింది. కోట్ల సంఖ్యలో ఒకేసారి కొనడంతో, 2014 మొదట్లో సంస్థకు 310 రూపాయలు పడిన బల్బు 2016కల్లా 38 రూపాయలకు దిగింది.

రెండు బల్బులొస్తే ఎవరైనా ఎక్కడ పెడతారు? ఒకటి ముందుగదిలో, ఒకటి వంటింట్లో. నలుగురూ కూర్చునేదీ, పని జరిగేదీ అక్కడే కాబట్టి అది సహజమే. కానీ సాయంత్రం వేసి తెల్లారాక ఆపేవి వేరే ఉన్నాయి: వసారాలో ఒకటి, గొడ్ల సావిడిలో ఒకటి, పడుకునే గదిలో జీరో బల్బు. మిరప కాలంలో కల్లం కాడ రాత్రంతా వెలిగేది ఇంకొకటి. ఏదో పాత బల్బు ఉందిలే అని తగిలించేది సరిగ్గా ఇక్కడే.

లెక్క వేసి చూపిస్తారా?

వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. వసారాలో 60 వాట్ల బల్బు రోజుకు పది గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు. అదే చోట 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 2.7 యూనిట్లు. మిగిలేది 15 యూనిట్ల పైమాట. బాత్‌రూములో 60 వాట్ల బల్బు రోజుకు అరగంట వెలుగుతుందనుకోండి, అది నెలకు ఒక్క యూనిట్ కూడా తినదు. దాన్ని మార్చినా బిల్లులో ఐదు రూపాయల తేడా రాదు.

జీరో బల్బును చాలామంది లెక్కలోకే తీసుకోరు. పాతరకం జీరో బల్బు పేరుకే జీరో, తాగేది 15 వాట్ల దాకా ఉంటుంది. రాత్రికి పది గంటల చొప్పున నెలకు నాలుగున్నర యూనిట్లు. అర వాట్ ఎల్‌ఈడీ జీరో బల్బుకు నెలంతా కలిపి యూనిట్‌లో ఆరో వంతు కూడా కాదు.

ఇక స్లాబుల సంగతి. 2022-23 టారిఫ్ ప్రకారం మన రాష్ట్రంలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయల చొప్పున. మీరు పొదుపు చేసే యూనిట్ కింది నుంచి పోదు, పైనుంచి పోతుంది. నెలకు 150 యూనిట్లు కాలే ఇంట్లో వసారా బల్బు, జీరో బల్బు మారిస్తే తగ్గే ఇరవై యూనిట్లూ ఆరు రూపాయలవే. అంటే నెలకు దాదాపు 118 రూపాయలు. కొత్త బల్బుల ఖర్చు ఒకటి రెండు నెలల్లో తిరిగొస్తుంది. 60 యూనిట్లే కాలే ఇంట్లో అదే మార్పుకు సగమే మిగులుతుంది. ఫిక్స్‌డ్ చార్జీ మాత్రం ఎవరికీ తగ్గదు.

అంత తక్కువ కరెంటుతో అంత వెలుగు ఎలా?

పాత బల్బు పని వేడెక్కడం. లోపలి టంగ్‌స్టన్ తీగ సుమారు 2,500 డిగ్రీలకు కాగితే అందులో కొంచెం వెలుగుగా బయటికొస్తుంది, తొంభై పాళ్లకు పైగా వేడిగానే పోతుంది. ఎల్‌ఈడీలో కాలే తీగ లేదు. గాలియం నైట్రైడ్ చిప్‌లోంచి కరెంటు పారితే నీలి కాంతి వస్తుంది. చిప్ మీది పసుపు పూత అందులో కొంత భాగాన్ని మార్చి తెల్ల వెలుగు చేస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, నీలిది సాధించడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. అందుకే దాన్ని సాధించిన శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఆ ఏడాదే మన ఊళ్లకు పది రూపాయల బల్బు వచ్చింది!

కాబట్టి కొనేటప్పుడు వాట్లు కాదు, డబ్బా మీద ల్యూమెన్లు చూడండి. పాత 60 వాట్లకు సాటి రావాలంటే 700 ల్యూమెన్ల పైన ఉండాలి. మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ 900 దాకా ఇస్తుంది.

పదేళ్లొస్తుందన్నారు, రెండేళ్లకే పోయిందేం?

పోయింది చాలావరకు ఎల్‌ఈడీ కాదు, దాని మెడలో ఉండే డ్రైవరు. మన ఇంటి కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే చిన్న సర్క్యూట్ అది. అందులోని కెపాసిటర్‌కు వేడి పడదు. పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. రెంటచింతల ఎండల గురించి వేరే చెప్పక్కర్లేదు. రేకుల ఇంట్లో బల్బును రేకుకు ఆనించి పెడితే మధ్యాహ్నం ఆపి ఉన్నా అది ఉడుకుతూనే ఉంటుంది. మూర వైరు వేసి కిందికి దింపండి. గాలాడని గాజు గోళంలో బిగించొద్దు. వోల్టేజీ ఎగిరిపడే ఊళ్లో ఉంటే డబ్బా మీద సర్జ్ రక్షణ ఎంత ఉందో చూడండి. బీఐఎస్ గుర్తు లేని బల్బు ఎంత చవకైనా తీసుకోకండి. గ్యారంటీ ఉన్నదైతే బిల్లు దాచుకోండి.

స్విచ్ ఆపినా సన్నగా వెలుగుతోంది, ఎందుకు?

ఎల్‌ఈడీకి చాలా కొద్ది కరెంటు చాలు. ఇండికేటర్ ఉన్న స్విచ్ అయితే దాన్నుంచి వచ్చేదే సరిపోతుంది, దాంతో భయం లేదు. కానీ వైరింగ్ చేసినవాళ్లు స్విచ్‌ను ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌కు వేసినా ఇలాగే అవుతుంది. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. స్టూలెక్కి బల్బు మార్చేవాళ్లకు షాక్ కొడుతుంది. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఈ ఒక్క పనికి ఆలస్యం చేయొద్దు.

పాత బల్బు ఇక ఎందుకూ పనికిరాదా?

కోడిపిల్లలకు వెచ్చగా ఉండాలని గంప మీద వేలాడదీసే బల్బు మార్చకండి. అక్కడ మనకు కావాల్సింది వేడే, ఎల్‌ఈడీ ఇవ్వనిదీ అదే.

మరి సీఎఫ్‌ఎల్‌లు?

బాగా వెలుగుతుంటే పోయేదాకా వాడుకోండి, అవి ఇప్పటికే పొదుపైనవి. వాటిలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగిలితే ఫ్యాను ఆపి, కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపండి. పావుగంట ఆగి ముక్కల్ని అట్టముక్కతో ఎత్తి, తడిగుడ్డతో నేల తుడిచి, గుడ్డతో సహా మూత బిగుతుగా ఉండే సీసాలో వేయండి. చీపురు మాత్రం వాడొద్దు, పొడి ఇల్లంతా పరుచుకుంటుంది.