ఎలుకకు మేలు చేసిన హార్మోన్, మనిషికి చేసిందా?

గుండెపోటులో రక్తం అందక గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోతుంది. చర్మం మీది గాయంలా అది మానదు, మచ్చ మిగులుతుంది. స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రకటించిన లెక్క ప్రకారం 25 ఏళ్ల వయసులో కూడా గుండె కండర కణాల్లో ఏడాదికి ఒక శాతమే కొత్తవి పుడతాయి.

ఈ నష్టాన్ని హార్మోన్‌తో తగ్గించవచ్చా? మూత్రపిండాల్లో తయారయ్యే ఎరిత్రోపొయెటిన్ మీద ఆశలు పెరిగాయి. ఎర్ర రక్తకణాలు తయారుచేయమని ఎముక మజ్జను పురిగొల్పే హార్మోన్ అది. ఎలుకల్లో గుండె కణాలనూ కాపాడింది. అమెరికాలో 222 మంది రోగులతో జరిపిన 'రివీల్' పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. గుండెకు నష్టం తగ్గలేదు. పైగా మరణం, పక్షవాతం, స్టెంటులో రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు మందు తీసుకున్నవారిలోనే ఎక్కువ కనిపించాయి.

హార్మోన్ల పాఠంలో మేం పిల్లలకు ఈ సంగతీ చెబుతున్నాం. గ్రంథుల పేర్లు వల్లిస్తే మార్కులొస్తాయి. ఎలుకలో నిజమైనది మనిషిలో కాకపోవచ్చని తెలిస్తే వార్తను తూచి చదవడం వస్తుంది. 'గుండెను బాగుచేసే ఇంజెక్షన్' అంటూ ఫోన్‌కు సందేశం వస్తే, "ఎవరి మీద పరీక్షించారు? ఎంతమంది మీద?" అని మీ పిల్లలు అడగగలగాలి.

ఇప్పటికి గుండె కండరాన్ని కాపాడేది త్వరగా అందే వైద్యమే. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగిస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. కర్ణాటకైనా, ఒడిశా అయినా నంబరు అదే.