దేవాలయపు గోడమీద తీర్పుదినము

మధ్యయుగమున ఇంగ్లాండు దేశపు పల్లెలలో చదువనేర్చినవారు మిక్కిలి తక్కువ. ఆరాధనయు లాటిను భాషలో జరుగుచుండెను. అందుచే దేవాలయపు గోడలే సామాన్యజనులకు గ్రంథములయ్యెను. తీర్పుదినమును, పాపుల గతిని ఆ గోడలపై రంగులతో వ్రాయించుచుండిరి. అట్టి చిత్రములలో నొకదానిని మేమిచట వర్ణింపబూనితిమి.

సర్రే మండలమందలి చాల్డన్ గ్రామ దేవాలయమున, పడమటి గోడపై, క్రీ. శ. 1200 ప్రాంతమున వ్రాయబడిన చిత్ర మొకటి కలదు. దాని వెడల్పు సుమారు 17 అడుగులు, ఎత్తు 11 అడుగులు. నడుమ నిలువుగా నొక నిచ్చెన. దానిపై ఆత్మలు ప్రాకుచున్నవి. కొన్ని క్రిందికి పడుచున్నవి. పైభాగమున మిఖాయేలు దూత ఆత్మలను త్రాసులో తూచుచున్నాడు. క్రిందిభాగము నరకము. అచట దయ్యములు పాపులను కాగుచున్న కొప్పెరలో ముంచుచున్నవి.

ఈ పాపు లెవరు? హంతకులే కారు. ధనపుసంచులతో మంటల నడుమ కూర్చున్నవాడు వడ్డివ్యాపారి. వానికి కన్నులు లేవు. వేరొకచోట మేకుల వంతెనపై కొందరు పనివాండ్రు నిలిచియున్నారు. కమ్మరికి దాగలి లేదు, కుమ్మరికి సారె లేదు. పనిలో మోసముచేసిన వారికి, పనిముట్లు లేకయే పనిచేయవలసిన శిక్ష యిదియని పండితులు చెప్పుదురు.

సాల్స్‌బరీ పట్టణమున, సెయింటు థామస్ దేవాలయమందు, 15వ శతాబ్దాంతమున వ్రాసిన తీర్పు చిత్రములో కల్లుపాత్ర చేతబట్టిన పానీయముల వర్తకురాలిని దయ్యము పట్టుకొనియున్నది. ఆ నరకమందే తలపై కిరీటము తొలగని బిషప్పును కలడు. బీదవాడు తలయెత్తి ఆ గోడను చూచినపుడు, పదవి యెవరిని కాపాడజాలదని గ్రహించియుండును గదా!

మతసంస్కరణకాలమున ఇట్టి చిత్రములనేకము సున్నముక్రింద మరుగుపడెను. చాల్డన్ చిత్రము 1869లో మరల బయల్పడినది.

ఇవి భయపెట్టుటకే వ్రాయబడినవని కొందరందురు. భయము కలదు, నిజమే. కాని చాల్డన్ గోడమీదనే, పైభాగమున కుడివైపున, క్రీస్తు పాతాళమునుండి ఆత్మలను విడిపించుచున్నాడు. కొప్పెరను చూచినవాడు ఆ హస్తమునుకూడ చూడవలెను.

విద్యార్థులారా, ఆ చిత్రకారుడు తీర్పును దూరమున నుంచలేదు. దానిని అంగడిలోను, కమ్మరికొలిమియొద్దను నిలిపెను. తూకములోను, కొలతలోను, చేయుపనిలోను నమ్మకముగా నుండుటయే ఆ గోడ చెప్పు పాఠమని మా యభిప్రాయము.