కనిపించని లేజరును గుర్తుపట్టడం ఎలా?



2025 ఏప్రిల్ 13న కర్నూలు ప్రయోగ క్షేత్రంలో డీఆర్‌డీవో వారు లేజరు ఆయుధాన్ని పరీక్షించిన వార్త మీరు చూసే ఉంటారు. దానిని తయారుచేసింది హైదరాబాద్‌లోని ఛెస్ అనే డీఆర్‌డీవో కేంద్రమే. "అన్నా, అంత శక్తిగల లేజరు ఎట్ల పుడుతుంది?" అని మన హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. ఇనుప రేకులు కోసే ఫైబర్ లేజర్లనే తీసుకోండి. వాటికి కాంతిని అందించేవి లేజర్ డయోడ్ల వరుసలు. నా ఎమ్మెస్సీ చదువులో నన్ను ఎక్కువ తిప్పలు పెట్టినవీ అవే.

ఒక సెంటీమీటరు పొడవున్న సన్నని ముక్క మీద పదుల సంఖ్యలో డయోడ్లు పక్కపక్కనే ఉంటాయి. దీనిని 'బార్' అంటారు. చేతిలో పట్టుకునే పాయింటర్ శక్తి మిల్లీవాట్లలో ఉంటే, ఒక్క బార్ 40 నుండి 100 వాట్ల వరకు ఇవ్వగలదు. బార్లను ఒకదానిపై ఒకటి పేరిస్తే 'స్టాక్'.

ఒకనాడు మా ప్రయోగశాలలో లేబుల్ చెరిగిపోయిన స్టాక్ ఒకటి దొరికింది. విద్యుత్తు ఇచ్చాను. మీటరులో 30 ఆంపియర్లు, 11 వోల్టులు. గోడ మీద మసక ఎరుపు తప్ప ఏమీ లేదు. పాడైందేమోనని వంగి చూడబోయాను. ల్యాబ్ అసిస్టెంటు నా భుజం పట్టి వెనక్కి లాగారు. కళ్ళకు అద్దాలు ఉన్నాయి గాని, అవి 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరు కోసం చేసినవి! పరారుణ కాంతికి రెప్ప పడదు. కంటి కటకం దానిని నేరుగా రెటీనా మీద కేంద్రీకరిస్తుంది.

మందమర్రి బాయిలో పనిచేసిన మా నాయినకు ఈ సంగతి చెబితే, "మాకు గ్యాసు కనవడేదా బిడ్డా? దీపం మంట చూసి పసిగడుతుంటిమి" అన్నాడు.

మాకూ అటువంటి ఆనవాళ్ళు ఉన్నాయి. మొదటిది వోల్టేజి. బార్‌లోని డయోడ్లన్నీ సమాంతరంగా ఉంటాయి కనుక ఆంపియర్లు ఎక్కువ, వోల్టులు రెండుకు లోపే. బార్లను మాత్రం శ్రేణిలో కలుపుతారు. అంటే 11 వోల్టులకు ఆరు బార్లు! సమాధానం మీటరు మీదే ఉంది, నేనే చూడలేదు.

రెండవది తరంగదైర్ఘ్యం. 808 నానోమీటర్లయితే ఎన్‌డీ-యాగ్ లేజరును ఉత్తేజపరచడానికి, 976 అయితే ఇటర్బియం ఫైబర్ లేజరుకు వాడతారు. తక్కువ విద్యుత్తుతో, పింగాణీ పలక మీద చెదిరిన కాంతినే స్పెక్ట్రోమీటరులోకి పంపాలి. మాది 805 చూపించింది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది కనుక, పూర్తి శక్తి వద్ద వేడెక్కి 808కి చేరుతుందన్నమాట.

ఇక కిరణం ఆకారం. ఊరి చెరువులో రెండు రాళ్ళ మధ్య సందు ఇరుకుగా ఉంటే అల అర్ధచంద్రాకారంలో విస్తరిస్తుంది, వెడల్పుగా ఉంటే దాదాపు నేరుగా పోతుంది. డయోడ్‌లో కాంతి వచ్చే పొర మందం ఒక మైక్రాను, వెడల్పు వంద మైక్రాన్లు. అందుకే సన్నగా ఉన్న నిలువు దిశలోనే కాంతి 40 డిగ్రీల వరకు విచ్చుకుంటుంది, అడ్డంగా 10 డిగ్రీలే. పది సెంటీమీటర్ల దూరంలో ఒక బార్ మచ్చ ఏడు సెంటీమీటర్ల ఎత్తు, మూడు లోపు వెడల్పు ఉంటుంది. మా స్టాక్ మచ్చ అంత ఎత్తు లేదు, అడ్డంగానే ఎక్కువ. అంటే ప్రతి బార్ ముందు వెంట్రుకంత సన్నని కటకం అతికించి ఉందని తెలిసింది.

ఆ సాయంత్రమే 808కి తగిన అద్దాలు తెప్పించి, కొత్త లేబుల్ రాసి అంటించాము.