రెండో పూత

మే నెల మిట్టమధ్యాహ్నం. మా అపార్ట్‌మెంట్ చెత్తగది గుమ్మం పక్కన, పిజ్జా డబ్బాలకి చేరగిలబడి ఒక కుండీ కనిపించింది. చుట్టూ బంగారు రంగు కాగితం, దానికో రిబ్బను. లోపల అయిదు దళసరి ఆకులు, వాటి నడుమ ఎండిపోయిన పుల్ల, పుల్లకి ఊతకర్ర, రెంటినీ కలిపి పట్టుకున్న సీతాకోకచిలుక ఆకారం ప్లాస్టిక్ క్లిప్పు. ఏ గృహప్రవేశానికో పెళ్ళిరోజుకో ఎవరో ఎవరికో ఇచ్చుకున్న ఆర్కిడ్. రెండు మూడు నెలలు హాల్లో టీవీ పక్కన వైభోగం వెలగబెట్టి, పూలు రాలగానే ఇలా లిఫ్ట్ దిగి వచ్చింది.

ఆకులు కాస్త సొమ్మసిల్లినా పచ్చగానే ఉన్నాయి. అటూ ఇటూ చూసి కుండీ చంకనబెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. అది ఏ రంగు పూలు పూసిందో నాకు తెలీదు. తెలుసుకోవాలంటే మళ్ళీ పూయించడం ఒక్కటే దారి.

ఈ మొక్కని మనవాళ్ళు మొక్కలా కొనరు, బొకేలా కొంటారు. అందుకే పూలయిపోతే పనయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ మొదటి పూతలో మన చెయ్యేమీ లేదు. తైవాన్‌లోనో, నెదర్లాండ్స్‌లోనో, మన పుణె వైపో ఒక గ్రీన్‌హౌస్‌లో ఎండనీ చలినీ కొలిచి కొలిచి పోసి తెప్పించిన పూత అది. మనం అద్దెకి తెచ్చుకున్నట్టే లెక్క. మనింటి గాలి పీల్చి, మన కిటికీ వెలుగు తిని, మన నీళ్ళు తాగి పూసేది రెండో పూత. అది చూసినవాళ్ళు నాకు చాలా తక్కువమంది తగిలారు.

దీని అసలు పేరు ఫెలనాప్సిస్. గ్రీకులో ఫెలైనా అంటే దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు, ఆప్సిస్ అంటే రూపం. ఇంగ్లిషువాళ్ళు మాత్ ఆర్కిడ్ అన్నారు. ఆ పురుగుకి తెలుగులో చిమ్మట అనే మాట ఉన్నా, చిమ్మట అనగానే మనకి బీరువాలో పట్టుచీర గుర్తొచ్చి గుండె గుభేలుమంటుంది కాబట్టి ఆ పేరు అతకదు. ఇండొనేసియా వాళ్ళది అంతకన్నా మంచి పేరు: అంగ్రెక్ బులాన్, అంటే చంద్రుడి ఆర్కిడ్. 1993లో దాన్ని తమ జాతీయ పుష్పాల్లో ఒకటిగా ప్రకటించుకున్నారు. వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడు పేర్ ఓస్‌బెక్ చైనా నుంచి స్వీడన్‌కి తిరిగి వెళ్తూ 1752లో జావా ఒడ్డున దీన్ని సేకరించాడు. మరుసటి ఏడే లినేయస్ పుస్తకానికెక్కించాడు. ఇప్పుడున్న పేరు పెట్టింది జావాలో బోగోర్ తోట చూసుకున్న కార్ల్ బ్లూమే, 1825లో. ఈ ప్రజాతికి చెందిన చిన్న పూల జాతులు మన పడమటి కనుమల్లోనూ, ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

పేర్లు ఎలా ఉన్నా, గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఇది చెట్టు మీద బతికే మొక్క.

మన ఊళ్ళలో మామిడి కొమ్మల మీద వాండా ఆర్కిడ్ కనిపిస్తుంది. చెట్టు మీద మొలిచిన దేన్నయినా బదనిక అనేసి, చెట్టు రసం పీల్చేస్తోందని నింద వేయడం మనకి అలవాటు. అసలు బదనిక నిజంగానే పీలుస్తుంది. వాండా, ఫెలనాప్సిస్ అలా కాదు. అవి అద్దెకున్నవాళ్ళలాంటివి, వంట వేరు. వాననీళ్ళు, బెరడు సందుల్లో కుళ్ళిన ఆకులు, గాల్లో తేమ, అంతే వాటి తిండి. వాటి వేళ్ళకి స్పాంజి లాంటి తెల్లటి తొడుగు ఉంటుంది. వాన పడితే క్షణాల్లో పీల్చుకుంటుంది, తర్వాత గాలికి ఆరిపోతుంది. తడిస్తే ఆ వేరు పచ్చబడుతుంది, ఎందుకంటే దాంట్లోనూ పత్రహరితం ఉంది. ఆకుతో పాటు వేరు కూడా వెలుగు తింటుందన్నమాట. అలాంటి వేరుని మట్టిలో పాతిపెడితే ఏమవుతుందో నేను అనుభవపూర్వకంగా చెప్పగలను.

చాలా ఏళ్ళ కిందట నాకు బహుమతిగా వచ్చిన మొట్టమొదటి ఫెలనాప్సిస్‌ని చూసి, గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా అమ్మ తెగ జాలిపడింది. "ఏంటే ఇది, వేళ్ళు గాల్లో ఏలాడేస్తంది? చిటికెడు మట్టికి కూడా నోచుకోలేదా?" అని, ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి, కుండీ మార్చి, తులసికి పోసినట్టు రోజూ చెంబెడు నీళ్ళు పోసింది. అమ్మ చేతి చలవకి మోడు కూడా చిగురిస్తుందని మా ఇంట్లో నమ్మకం. మూడు వారాల్లో ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి ఊడిపోయాయి. తవ్వి చూస్తే వేళ్ళు ఉడికిన సేమ్యాలా జారిపోయాయి. "మరి పూలు పూసేదానికి నీళ్ళు పడవేంటే!" అని అమ్మ ఇప్పటికీ ఆ నేరం ఒప్పుకోదు.

అందుకే చెత్తగది మొక్కకి ముందు చేసింది కుండీ ఊడదీయడం. బంగారు కాగితం అడుగున గుక్కెడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. వేళ్ళ నడిబొడ్డున, కొన్నప్పుడు పెట్టిన నాచు ముద్ద తడిగుడ్డలా కంపు కొడుతోంది. దాన్ని పీకేసి, నొక్కితే మెత్తగా డొల్లగా తగిలిన గోధుమరంగు వేళ్ళన్నీ కత్తిరించేశాను. గట్టివి ఆరు మిగిలాయి. ఎండిన పుల్లని మొదలంటా కోస్తుంటే అడుగున మైనం చుక్కలాంటిదేదో కనిపించింది, పట్టించుకోలేదు. కొత్త ఇల్లు ఇలా కట్టాను: రెండంగుళాలకి మించని కొబ్బరి డొక్క ముక్కలు, కట్టెబొగ్గులు, నర్సరీలో దొరికే పైన్ బెరడు. డొక్కలో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు రోజులు నీళ్ళు మార్చి మార్చి నానబెట్టాలి. కుండీ మాత్రం చిల్లులున్న పారదర్శకమైన ప్లాస్టిక్‌ది. అందం కోసం కాదు, వేళ్ళ రంగు కనపడాలని. పెద్ద కుండీ అయితే సుఖపడుతుందనుకోవద్దు, వేళ్ళు పట్టేటంత చాలు. ఈ ముక్కలు ఏడాదికో రెండేళ్ళకో చివికి మట్టిలా అయిపోతాయి, అప్పుడు మళ్ళీ మార్చడమే.

నీళ్ళ సంగతికి వస్తే, వారానికి ఎన్నిసార్లు పొయ్యాలని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్నే తప్పు. కుండీ పక్కనుంచి చూడండి. వేళ్ళు వెండి రంగులో ఉంటే దాహం, పచ్చగా ఉంటే కడుపు నిండింది. మా ఇంట్లో వేసవిలో మూడు నాలుగు రోజులకొకసారి వెండి రంగు వస్తుంది, డిసెంబరులో పదిరోజులైనా రాదు. వచ్చినప్పుడు పొద్దున్నే కుండీని బకెట్లో పదినిమిషాలు ముంచి, పూర్తిగా నీరోడాక యథాస్థానంలో పెడతాను. ఆకుల నడుమ గుంటలో నీళ్ళు నిలిస్తే మొవ్వు కుళ్ళిపోతుంది. అడవిలో ఇది కొమ్మకి పక్కవాటుగా వేలాడుతుంది కాబట్టి నీళ్ళు వాటంతటవే జారిపోతాయి. మన కుండీలో నిటారుగా కూర్చోబెట్టాం, ఆ మేరకు జాగ్రత్త మనదే. గుంటలో పడితే టిష్యూ కాగితంతో అద్దేయండి.

హైదరాబాద్ బోరు నీళ్ళు దీనికి పడవు. కుళాయి మూతి చుట్టూ తెల్లగా పేరుకునే ఉప్పే వేరు కొసల్ని మాడ్చేస్తుంది. వాననీళ్ళు శ్రేష్ఠం, లేదంటే ఫిల్టరు నీళ్ళు. కొందరు వారానికి మూడు ఐసుముక్కలు పెడితే చాలంటారు. ఉష్ణదేశపు మొక్కకి మంచుగడ్డలేమిటని నేనూ నవ్వాను. కానీ ఒహాయో స్టేట్, జార్జియా యూనివర్సిటీల పరిశోధకులు పరీక్షించి, బెరడు ముక్కల్లో ఉన్న మొక్కలకి దానివల్ల నష్టమేమీ లేదని 2017లో తేల్చారు. అక్కడ మేలు చేసింది చల్లదనం కాదు, పొదుపు. అయినా నలభై రెండు డిగ్రీల ఎండల్లో మూడు ఐసుముక్కలతో గొంతు తడుస్తుందా? నేను బకెట్టే నమ్ముకుంటాను.

వెలుగు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తూర్పు కిటికీ, పల్చటి తెర. ఆకు మరీ ముదురాకుపచ్చగా ఉంటే వెలుగు చాలట్లేదని, ఎర్రబారితే ఎక్కువైందని. కాంప్లెక్స్ ఎరువు డబ్బా మీద రాసినదాంట్లో నాలుగోవంతు కలిపి రెండు వారాలకోసారి. ఆకు సందుల్లో దూదిపింజల్లా పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయడం.

ఇవన్నీ చేస్తే మొక్క బతుకుతుంది. ఆకులు వేస్తుంది, వేళ్ళు తీస్తుంది, నిగనిగలాడుతుంది. పూయదు. "అన్నీ చేస్తున్నా పూయట్లేదండీ" అనేవాళ్ళంతా ఆగిపోయేది ఇక్కడే. దీనికి కావల్సింది ఎరువు కాదు, చలి.

ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటిన వేడిలో ఫెలనాప్సిస్ ఆకులు వేస్తూ కూర్చుంటుంది. ఇరవై ఆరుకి లోపు నాలుగైదు వారాలు గడిస్తే పూకాడ తీయాలని దానికి తోస్తుంది. రాత్రిళ్ళు చల్లగా ఉంటే చాలని అందరూ అనుకునేవారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బ్లాంచర్డ్, రంకిల్ అనే ఇద్దరు 2006లో ప్రచురించిన పరిశోధన దాన్ని తలకిందులు చేసింది: అసలు లెక్క పగటి వేడిది. పగలు ఇరవై తొమ్మిది ఉంటే రాత్రి ఎంత చల్లబడినా మొక్క సరిగ్గా స్పందించలేదు. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు వణికిస్తాయి, మధ్యాహ్నం బాల్కనీలో మాత్రం చుర్రుమంటుంది. అందుకే కార్తీకం వెళ్ళగానే మా మొక్క బాల్కనీ నుంచి లోపలి తూర్పు గదిలోకి మారింది. అక్కడ సంక్రాంతి దాకా పగలు ఇరవై అయిదు దాటదు.

విజయవాడలో ఉండే మా వదినకి ఆ అదృష్టం లేదు. వాళ్ళ ఇంట్లో సంక్రాంతికి కూడా ఫ్యాను ఆగదు. ఏసీ గదిలో కిటికీ పక్కన పెట్టుకోమంటే, "మీ అన్నయ్యకే లేదమ్మా పగటిపూట ఏసీ, మొక్కకా?" అంది. చివరికి నవంబరు నెలాఖరున రెండు కుండీల్ని బస్సులో ఒళ్ళో పెట్టుకొచ్చి మా ఇంట్లో దింపి వెళ్ళింది, పిల్లల్ని హాస్టల్లో చేర్చినట్టు. నవ్వకండి. తైవాన్ పెంపకందార్లు కూడా ఒకప్పుడు పూకాడ కోసం మొక్కల్ని లారీలకెత్తి కొండల మీదికి తీసుకెళ్ళేవారు. ఇప్పుడు గ్రీన్‌హౌస్‌నే చల్లబరుస్తున్నారు.

ధనుర్మాసం చివర్లో, కింది నుంచి రెండో ఆకు పంచన పచ్చటి ముక్కు ఒకటి పొడుచుకొచ్చింది. వేరో కాడో తెలియక వారం రోజులు కొట్టుకున్నాను. వేరు కొస గుండ్రంగా, నున్నగా మెరుస్తుంది. కాడ కొస కొంచెం బల్లపరుపుగా, బొటనవేలు విడిచి వేళ్ళన్నీ దగ్గరికి ముడిచిన పసిబిడ్డ చెయ్యిలా ఉంటుంది. అది కాడే. రోజుకి కొంచెం కొంచెంగా కిటికీ వైపు వంగుతూ పెరిగింది. అది తిరిగినవైపే ఉండనివ్వాలి, కుండీ తిప్పితే కాడ మెలికలు పడుతుంది. ఏప్రిల్ మొదటి వారానికి ఎనిమిది మొగ్గలు, అన్నీ పచ్చివే, ఒక్కటీ రంగు తిరగలేదు.

సరిగ్గా అప్పుడు నూజివీడు నుంచి మావయ్య పంపిన బంగినపల్లి బుట్ట దిగింది. వరిగడ్డి పరిచి తూర్పు గదిలోనే మాగేశాం. ఎండ నేరుగా తగలని గది, తలుపేస్తే వాసన బయటికి రాదు. మూడోరోజుకి గది ఘుమఘుమలాడింది. అయిదోరోజుకి ఎనిమిది మొగ్గలూ పసుపుతిరిగి ముడుచుకుని, ముట్టుకుంటే చాలు రాలిపోయాయి. నీళ్ళు తక్కువయ్యాయా, ఎక్కువయ్యాయా అని తల బద్దలుకొట్టుకున్నాక విషయం తెలిసింది. మాగుతున్న పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. పండుకి అది మాగమనే కబురు, ఆర్కిడ్ మొగ్గకి రాలిపొమ్మనే కబురు. అరటిగెలకి పొగబెట్టి పండేసే మన పాత పద్ధతిలోనూ పనిచేసేది పొగలోని ఇదే వాయువు. ఆ లెక్కన దేవుడి గదిలో అగరుబత్తుల పక్కన ఆర్కిడ్ పెట్టడం కూడా ప్రమాదమే. మామిడిపళ్ళు మాత్రం అమోఘంగా ఉన్నాయి, అది వేరే సంగతి.

రంగు తెలియకుండానే ఇంకో ఏడాది గడిచింది. ఈలోపు నర్సరీల్లో ఆర్కిడ్‌లు చూడటం పిచ్చయిపోయింది. ధూళిలాంటి ఆర్కిడ్ గింజలో మొలకకి తిండి ఉండదు, అడవిలో ఒకరకం బూజు పెట్టే తిండితో మొలుస్తుంది. 1922లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన లూయిస్ నడ్సన్ ఆ బూజు లేకుండానే చక్కెర కలిపిన జెల్లీ మీద వాటిని మొలిపించి చూపించాడు. దొరల అద్దాల ఇళ్ళలోని మొక్క మన టీవీ పక్కకి రావడానికి తలుపు తెరిచింది అదే. తెలుపు, గులాబి, చారలు, చుక్కలు, అన్నీ సంకరాలే. ఆకాశనీలం పూలు మాత్రం చూసి మోసపోకండి. కాడకి చిన్న చిల్లు చేసి రంగునీళ్ళు ఎక్కించి, మైనంతో మూసేస్తారు. మళ్ళీ పూస్తే తెల్లవే. ఎవరూ మళ్ళీ పూయించరని అమ్మేవాళ్ళ ధీమా.

రెండో చలికాలం. అదే గది, అదే రెండో ఆకు పంచన ఇంకో పచ్చ ముక్కు. ఈసారి మావయ్య బుట్టని వంటింటి వెనక వరండాలోనే ఆపేశాను. మొదటి మొగ్గ విచ్చుకున్న రోజు ఆదివారం. పాలనురుగులాంటి తెలుపు, నడుమ పెదవి దగ్గర చిటికెడు పసుపు. మూడు వారాల్లో తొమ్మిది పూలు, వంగిన కాడ మీద వరసగా.

అసోసియేషన్ మీటింగుకి పిలవడానికొచ్చిన నాలుగో అంతస్తు ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"మాకూ ఉండేదండీ ఇలాంటిది. మా అబ్బాయి ఫ్రెండ్స్ ఇచ్చారు. నీలం రంగు! అబ్బ, ఎంత బావుండేదో. పూలు రాలి చచ్చిపోయింది, పడేశాం."

కొత్త కాడని పాత క్లిప్పే పట్టుకుని ఉంది, సీతాకోకచిలుక ఆకారంలో. ఆవిడ దగ్గరికి వచ్చి, ఒక పువ్వుని వేలికొసతో తాకింది.

"తెలుపు కూడా బానే ఉందండీ. ఎక్కడ కొన్నారు?"