పిల్లి వాసనకు బెదరని ఎలుక

కువైట్‌లోని హవల్లీ గవర్నరేట్‌లో, సముద్రం ఒడ్డున ఉన్న నివాస ప్రాంతం సల్వా. అక్కడి విల్లాల ప్రహరీల వెంట, చెత్త డబ్బాల దగ్గర, ఆగి ఉన్న కార్ల కింది నీడలో వీధి పిల్లులు తిరుగుతుంటాయి. పిల్లుల్ని ముద్దుగా పెంచుకునే ఇళ్లూ ఉన్నాయి. ఆ పెంపుడు పిల్లుల ఇసుక ట్రే ఎత్తి పారబోసే పని సాధారణంగా ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లదే. కడప, గోదావరి జిల్లాల నుంచి అకామా (నివాస అనుమతి) మీద కువైట్ వెళ్లి ఇలాంటి పనుల్లో ఉన్న మన ఆడవాళ్లు ఎందరో. తాను చేరిన ప్రాణి (ఆతిథేయి) ప్రవర్తననే మార్చగలదని పేరుపడ్డ ఒక పరాన్నజీవి గురించి వాళ్లకు తెలియాల్సినంత తెలియదు. అందుకే ఈ వ్యాసం.

దాని పేరు టాక్సోప్లాస్మా గోండి. 1908లో ట్యునీసియాలో నికోల్, మాన్సో అనే శాస్త్రవేత్తలు గుండి అనే ఎలుకజాతి జంతువులో దీన్ని గుర్తించారు. అది పిల్లి ద్వారా ఎలా వ్యాపిస్తుందో తేలడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. 1970 ప్రాంతంలో ఆ చిక్కుముడి విప్పినవాళ్లలో భారతదేశంలో పుట్టిన పశువైద్య శాస్త్రవేత్త జితేందర్ దూబే ఒకరు. ఈ జీవి ఎలుక, గొర్రె, కోడి, మనిషి, ఏ వెచ్చని రక్తపు ప్రాణిలోనైనా బతుకుతుంది. కానీ దాని లైంగిక పునరుత్పత్తి జరిగేది పిల్లి జాతి జంతువుల పేగుల్లోనే. అంటే ఎలుక మెదడులో తిత్తి కట్టుకుని కూర్చున్న పరాన్నజీవి లైంగికంగా సంతతిని పెంచుకోవాలంటే ఆ ఎలుక పిల్లి నోట పడాలి.

2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు బెర్డోయ్, వెబ్‌స్టర్, మెక్‌డొనాల్డ్ ఎలుకల్ని ఒక ఆవరణలో వదిలి, నాలుగు మూలల్లో నాలుగు వాసనలు పెట్టారు: ఎలుక సొంత వాసన, మామూలు నీరు, కుందేలు మూత్రం, పిల్లి మూత్రం. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలు పిల్లి మూలకు దూరంగా మసలాయి. టాక్సోప్లాస్మా సోకిన ఎలుకల్లో ఆ జంకు తగ్గింది. కొన్నయితే ఆ మూలకే ఎక్కువగా వెళ్లాయి. పుట్టి పెరిగినదంతా ప్రయోగశాలలోనే అయినా, ఒక్క పిల్లినీ చూడకపోయినా, ఎలుకకు పిల్లి వాసనంటే సహజంగానే భయం. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో అజయ్ వ్యాస్ బృందం చేసిన ప్రయోగాల్లో ఎలుకల మిగతా భయాలు, జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు. పిల్లి వాసన భయం మాత్రమే తగ్గింది.

పరాన్నజీవి మెదడు పగ్గాలు చేతబట్టిందన్న కథ ఇక్కడే పుట్టింది. నా దృష్టిలో ఇక్కడ తొందరపడకూడదు. 2013లో బర్క్‌లీ పరిశోధకులు బలహీనపరిచిన రకం టాక్సోప్లాస్మాను చిట్టెలుకలకు ఎక్కించారు. మెదడులో దాని జాడ లేకుండా పోయాక కూడా పిల్లి భయం తిరిగి రాలేదు. 2020లో జెనీవా బృందం చూసిన చిట్టెలుకల్లోనైతే తగ్గింది పిల్లి భయం ఒక్కటే కాదు. మొత్తం బెదురే తగ్గింది, మెదడులోని వాపుకు దానితో సంబంధం కనిపించింది. ఎలుకను నడిపేది లోపల కూర్చున్న పరాన్నజీవా, దానితో పోరాడుతూ మెదడు పడే నలుగుడా అన్న ప్రశ్న ఇంకా తెగలేదు.

ప్రవర్తన మార్చడానికి పరాన్నజీవి మెదడు దాకా వెళ్లనక్కర లేదని మన రాయలసీమ పెద్దలకు అనుభవమే. నారి కురుపు పురుగు నీటిలోని సైక్లాప్స్ అనే సూక్ష్మ ప్రాణి ద్వారా ఒంట్లో చేరి, సుమారు ఏడాదికి మూరెడుకు పైగా పొడవు పెరిగి, కాలి చర్మం కింద పొక్కు లేపేది. నిప్పు తొక్కినట్టు మండే ఆ కాలును మనిషి చల్లదనం కోసం దిగుడు బావి నీళ్లలో పెట్టేవాడు. పురుగుకు కావలసిందీ అదే: నీరు తగలగానే వేలాది పిల్లల్ని వదిలేది. ఆ నీళ్లే ఊరంతా తాగేది. మన దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను ఆ వ్యాధి లేని దేశంగా ధ్రువీకరించింది. మందు వల్ల కాదు, దిగుడు బావుల్ని మార్చడం, నీళ్లు వడగట్టి తాగడం వల్లే ఇది సాధ్యమైంది.

ఇక టాక్సోప్లాస్మా మనుషుల్ని మారుస్తుందా? ప్రేగ్‌కు చెందిన ఫ్లెగర్ బృందం 2002లో, ఈ ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లకు రోడ్డు ప్రమాదాల ముప్పు 2.65 రెట్లు ఎక్కువని ప్రకటించింది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వచ్చిన 837 మందిని పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం వ్యక్తిత్వంలో గానీ, మానసిక ఆరోగ్యంలో గానీ చెప్పుకోదగ్గ తేడా దాదాపు కనిపించలేదు. పిల్లిని పెంచినవాళ్ల మనసు మారిపోతుందని భయపెట్టే వార్తల్ని నమ్మాల్సిన పని లేదు.

నిజమైన ప్రమాదం గర్భిణులకు. గర్భంతో ఉండగా మొదటిసారి సోకితే గర్భస్రావం కావచ్చు, బిడ్డ కంటికీ మెదడుకూ హాని జరగవచ్చు. తొలి నెలల్లో బిడ్డకు సోకే అవకాశం తక్కువ, సోకితే హాని ఎక్కువ. చివరి నెలల్లో ఇది తలకిందులవుతుంది. కొత్తగా సోకిన పిల్లి కొద్ది వారాల పాటు మలంలో లక్షలాది ఓసిస్టులు (పరాన్నజీవి గుడ్లలాంటి రూపాలు) వదులుతుంది. అవి బయట పడిన ఒకటి నుంచి ఐదు రోజులకు గానీ సోకే దశకు రావు. కనుక ట్రేను ఏ రోజుకారోజు తీసేస్తే ముప్పు చాలావరకు తప్పుతుంది. తొడుగులు వేసుకోవాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గర్భిణికి ఆ పని అసలు చెప్పకూడదు. మండుటెండకు, పొడి నేలకు ఓసిస్టులు తాళలేవు. రోజూ నీళ్లు పట్టే విల్లా తోటలోని నీడపట్టు మట్టిలో మాత్రం నెలల తరబడి ఉండగలవు. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర కూడా దారులే.

సోకిందా లేదా అన్నది రక్తపరీక్షలో తెలుస్తుంది, కానీ ఎప్పుడు సోకిందన్నదే గర్భిణికి ముఖ్యం. ప్రతిరక్షకాలు పరాన్నజీవిని ఎంత గట్టిగా పట్టుకుంటున్నాయో కొలిచే ఎవిడిటీ పరీక్షను కువైట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి గర్భిణులపై ప్రయోగించి 2007లో ఫలితాలు ప్రచురించారు. తొలి మూడు నెలల్లో చేసిన పరీక్షలో పట్టు గట్టిగా ఉంటే, ఇన్‌ఫెక్షన్ గర్భానికి ముందుదే అయి ఉంటుంది. పట్టు బలహీనంగా ఉన్నంత మాత్రాన కొత్తగా సోకిందని తేల్చలేరు. మరికొన్ని పరీక్షలు చేశాకే వైద్యులు మందుల గురించి నిర్ణయిస్తారు.